గోదావరి ఉత్తర తీరాన యుద్ధ స్మృతి: మంచిర్యాల నుంచి నిర్మల్ దాకా

గోదావరికి ఉత్తరాన మంచిర్యాల, దక్షిణాన రామగుండం, గోదావరిఖని పట్టణాలు ఉన్నాయి. నది మీది వంతెనలు వాటిని కలుపుతుండగా, రెండు గట్ల మీదా సింగరేణి కాలరీస్ సంస్థ గనులు విస్తరించి ఉండడం వల్ల, పరిపాలనలో వేర్వేరు జిల్లాలకు చెందినా బతుకుతెరువులో ఇవన్నీ ఒకే నేల. 2016 అక్టోబరు 11న ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా నాలుగుగా విడిపోయినప్పుడు మంచిర్యాల జిల్లా కేంద్రమైంది. యుద్ధ స్మారకాలను చూడదలచిన తెలుగువారు సాధారణంగా విశాఖపట్నం సముద్రతీరానికో, సికింద్రాబాద్ పరేడ్ మైదానానికో, ఢిల్లీకో వెళ్తారు గాని ఈ బొగ్గు నేలకు రారు. అయినా మంచిర్యాలలో బయలుదేరి ఆసిఫాబాద్, జోడేఘాట్, మార్లవాయి, ఇంద్రవెల్లి, నిర్మల్ మీదుగా చుట్టి, ఖానాపూర్, లక్సెట్టిపేటల దారిన తిరిగివచ్చే యాత్రలో, యుద్ధం మనుషుల నుంచి ఏమి తీసుకుంటుందో, ఆ తీసుకున్నదానిని సమాజం ఎంతవరకు గుర్తుంచుకుంటుందో తెలిపే స్థలాలు ఒకదాని తరువాత ఒకటిగా ఎదురవుతాయి.

మంచిర్యాల స్టేషన్ ఉన్న కాజీపేట–బల్లార్షా రైలు మార్గం నిజాం ప్రభుత్వ కాలంలో, 1920ల చివర పూర్తయింది. దానితో మద్రాసుకూ ఢిల్లీకీ మధ్య దగ్గరి దారి ఏర్పడింది. రైలింజన్లు బొగ్గుతో నడిచిన ఆ రోజుల్లో సైన్యాలు కదలాలన్నా, వాటి వెనుక తిండిగింజలూ మందుగుండూ కదలాలన్నా గనులు పనిచేస్తూ ఉండాలి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో గుర్తించిన బొగ్గును 1889 నుంచి తవ్వుతూ వచ్చిన ఆంగ్లేయ కంపెనీ, 1920 డిసెంబరు 23 నుంచి సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కొనసాగింది. 1945లో, అంటే రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదే, హైదరాబాద్ సంస్థానం అందులో అధిక వాటాలను కొనుగోలు చేసింది. బెల్లంపల్లి పరిసరాల బొగ్గు బాయిలలో (ఇక్కడివారు గనిని బాయి అనే అంటారు) యుద్ధ కాలమంతా పనిచేసిన కార్మికులు తుపాకి పట్టలేదు, సరిహద్దు చూడలేదు. అయినా యుద్ధాన్ని నడిపిన మనుషుల లెక్కలో వారిని చేర్చకపోవడం న్యాయం కాదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది చేరగా 87 వేల మంది వరకు మరణించారు. అంతకు ముందరి ప్రపంచ యుద్ధంలో సముద్రాలు దాటి వెళ్లిన భారతీయులు సుమారు 13 లక్షల మంది, తిరిగిరానివారు 74 వేల మంది. హైదరాబాద్ సంస్థానానికి ఈ రెండు యుద్ధాలలోనూ పేరున్నది. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకం మీద నిలిచిన ముగ్గురు సైనికులలో ఒకరు పశ్చిమాసియాలో పోరాడిన హైదరాబాద్ లాన్సర్లకు, అనగా బల్లెములు ధరించిన అశ్విక దళానికి, ప్రతినిధి. మొదటి యుద్ధంలో నిజాం ధనంతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరినప్పుడు, ఒక్కొక్క విమానం మీదా దాత పేరు రాయించారు. రెండవ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్‌లు హైదరాబాద్ పేరును ధరించి, 1940 వేసవి నుంచి అక్టోబరు చివరిదాకా ఇంగ్లండు ఆకాశంలో జర్మన్ విమానాలతో తలపడ్డాయి. ఆ 1940 సంవత్సరాన్నీ ఆ నెలలనూ పాఠకులు గుర్తుంచుకోవలసి ఉన్నది, ఎందుకంటే మంచిర్యాల నుంచి ఉత్తరంగా సాగే దారి ఆ నెలలలోకే చేరుస్తుంది.

ఆ దారి మందమర్రి, బెల్లంపల్లి గనుల పక్కగా వెళ్లి, ఆసిఫాబాద్ దాటాక నల్లరేగడి పత్తి చేలను వదలి కెరమెరి ఘాట్ ఎక్కుతుంది. టేకు అడవి మధ్య మలుపులు తిరిగే ఈ కొండదారి హట్టి గ్రామం దగ్గర చీలి జోడేఘాట్ వైపు వెళ్తుంది. బాబేఝరి, జోడేఘాట్ మొదలైన పన్నెండు గూడేల గోండులు, కొలాములు తాము నరికి సాగుచేసుకొన్న పోడు భూముల నుంచి అటవీ శాఖ తమను వెళ్లగొట్టరాదని కోరిన ప్రాంతమిది. రిజర్వు ఫారెస్టు, అంటే ప్రభుత్వం తన స్వాధీనంలోకి తీసుకొని సాగునూ పశువుల మేపునూ నిషేధించిన అడవి, గూడేల సరిహద్దుల దాకా చొచ్చుకు వచ్చింది. సాగు చేసిన నేల ఒక్కసారిగా నేరస్థలంగా మారింది. కొమురం భీము నాయకత్వంలో ఇక్కడి ప్రజలు ముందు అర్జీలతో, తరువాత నాటు తుపాకులతో, బరిసెలతో నిలబడ్డారు. 1940లో సంస్థాన పోలీసు బలగాలు కొండ ఎక్కి జరిపిన కాల్పుల్లో భీమూ అతని సహచరులు కొందరూ మరణించారు. అది ఏ తేదీన జరిగిందన్న విషయంలో ప్రభుత్వ కాగితాలకూ జనస్మృతికీ పొంతన లేదు. గోండులు మాత్రం ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు.

దీనిని యుద్ధం అనవచ్చునా అన్న ప్రశ్న చరిత్రకారులకు కలుగవచ్చు. ఒక రాజ్యం తన సాయుధ బలాన్ని ఒక కొండ మీదికి పంపి, కొండ మీది మనుషులు ఆయుధాలు పట్టి ఎదురు నిలిచి, చివరకు శవాలు మిగిలిన సంఘటనకు తిరుగుబాటు అన్న పేరు ఒక్కటే చాలదు. చనిపోయినవారి ఇండ్లలో ఆ రాత్రి యుద్ధంలో చనిపోయినవారి ఇండ్లలోని రాత్రికి భిన్నంగా గడిచి ఉండదు. సంస్థానం పేరును రెక్కల మీద మోసిన విమానాలు ఇంగ్లండులో ఎగురుతున్న ఆ కాలంలోనే, అదే సంస్థానపు ప్రజలు తమ పన్నెండు గూడేల కోసం ఇక్కడ నేలకొరిగారు. విమానాలు నడిపినవారి పేర్లు, తేదీలు, కూలిన చోట్లు దళాల రికార్డులలో గంటలతో సహా నమోదయ్యాయి. జోడేఘాట్‌లో మరణించినవారి సంఖ్యే ఒక్కొక్క కథనంలో ఒక్కొక్క తీరుగా ఉన్నది.

ఈ లోటు బొగ్గు నేల నుంచి వచ్చిన యాత్రికునికి మరింత బలంగా తగులుతుంది. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనిచేసేవారి కోసం ఒక ప్రత్యేక రిజిస్టరును తప్పనిసరి చేసింది. ఏ క్షణాన చూసినా ఆ క్షణంలో నేల కింద ఉన్న ప్రతి మనిషి పేరూ అందులో కనిపించాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొరబడి 17 మంది కార్మికులు మరణించినప్పుడు, లోపల ఉన్నది ఎవరన్న ప్రశ్నకు జవాబు పైన ఉన్నది. ఆ రిజిస్టరు ప్రాణం కాపాడలేదు, కాని ఏ ఇంటి తలుపు తట్టాలో చెప్పగలిగింది. కొండ ఎక్కి కాల్చిన రాజ్యం దగ్గర అటువంటి పుస్తకం లేదు. చనిపోయినవారి దగ్గర రాయగలిగిన చేయి లేదు.

ఆ పేర్లలో కొన్నయినా నిలిచాయంటే అందుకు బతికి బయటపడ్డవారే కారణం. భీము సహచరుడు కుమ్రం సూరు వంటివారి నోట ఆ పోరాటం తరువాతి తరాలకు అందింది. సింగరేణి ప్రాంత జీవితాన్ని కథలలోకి తెచ్చిన అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' నవల అటువంటి జ్ఞాపకాల మీదనే నిలబడింది. యుద్ధం నుంచి తిరిగివచ్చినవాడు చనిపోయినవారికి సాక్షి అన్న విషయం గౌరవసభల సందడిలో మరుగున పడుతుంటుంది. సూరు వంటి వృద్ధునికి సమాజం చేయదగిన గౌరవాలలో మొదటిది ఆయన పక్కన కూర్చొని, ఆయన చెప్పే పేర్లను కాగితం మీద పెట్టడమే. ఇప్పుడు జోడేఘాట్‌లో భీము విగ్రహం, స్మారకం, గిరిజన సంస్కృతిని చూపే మ్యూజియం ఉన్నాయి, ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరే పెట్టారు. ఒక నాయకుని విషయంలో రుణం కొంత తీరింది. ఆయన పక్కన పడినవారి విషయంలో ఇంకా తీరవలసే ఉన్నది.

జోడేఘాట్‌కు పడమరగా జైనూరు మండలంలో ఉన్న మార్లవాయి, యుద్ధపు మరొక ముఖాన్ని చూపుతుంది. మానవ సమాజాల జీవన విధానాన్ని వారి మధ్య నివసించి అధ్యయనం చేసే శాస్త్రం మానవశాస్త్రం. ఆ శాస్త్రంలో పేరుపొందిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ వియన్నాకు చెందినవాడు. 1938లో జర్మనీ ఆస్ట్రియాను కలుపుకోవడంతో ఆయన జర్మన్ పౌరుడయ్యాడు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి భారతదేశంలో ఉన్న ఆయన బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో శత్రుదేశీయుడైనాడు. ఆయన హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదన్న నిర్బంధం విధించిన ప్రభుత్వమే, సంస్థానం లోపల గిరిజనుల మధ్య పరిశోధనకు అనుమతించింది. చెంచులు, కొండరెడ్ల మధ్య గడిపిన తరువాత ఆయన, జోడేఘాట్ కాల్పుల వెనుక ఉన్న కారణాలను తెలుసుకొనే పనిమీద భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి గోండుల మధ్యకు వచ్చి మార్లవాయిలో నివసించాడు. భూమి పోవడమే తిరుగుబాటుకు మూలమని ఆయన ఇచ్చిన నివేదికల ఫలితంగా అనేక గిరిజన కుటుంబాలకు పట్టాలు దక్కాయి, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. ఒక యుద్ధం దేశం లేనివానిగా చేసిన మనిషి, మరొక చిన్న యుద్ధం భూమి లేనివారిగా చేసిన మనుషుల పక్షాన సాక్ష్యం చెప్పాడు. 1987 జనవరి 11న మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది, 1995లో లండన్‌లో మరణించిన హైమెండార్ఫ్ స్మృతిచిహ్నం ఆ పక్కనే ఉన్నది. ఏటా జనవరి 11న గూడెం ప్రజలు అక్కడ వర్ధంతి జరుపుతారు. శత్రుదేశీయుడన్న ముద్ర పడిన వ్యక్తిని తమ ఇంటి పెద్దగా ఎంచి ఇన్ని దశాబ్దాలుగా తలుచుకొంటున్న గూడెం, యుద్ధకాలపు ముద్రల విలువ ఎంతో ఎవరూ చెప్పనవసరం లేకుండానే తెలుపుతున్నది.

ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో అధికారులు గిరిజనుల ఫిర్యాదులు వినే దర్బారు కూడా హైమెండార్ఫ్ చొరవతో, 1942 ప్రాంతంలో, యుద్ధం జరుగుతుండగానే ఆరంభమైంది. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న జరిగిన పోలీసు కాల్పుల మృతుల స్తూపం వేరొక చరిత్రకు చెందినది, దానికి వేరే వ్యాసమే కావాలి. అక్కడి నుంచి గుడిహత్నూర్ వద్ద జాతీయ రహదారిని అందుకొని దక్షిణంగా సాగితే, మహబూబ్ ఘాట్ దిగగానే నిర్మల్ వస్తుంది.

కొయ్యబొమ్మలకు పేరుపొందిన నిర్మల్‌కు 1857 పోరాటంతో ఉన్న సంబంధం పట్టణం బయట చాలామందికి తెలియదు. ఉత్తర భారతంలో సిపాయిల తిరుగుబాటు అణగిపోతున్న దశలో దాని సెగ వార్ధా, ప్రాణహిత, గోదావరి లోయలలో రగిలింది. నేటి సింగరేణి గనులకు ఎగువన, ఇదే బొగ్గు పొరల వరుసలో ఉన్న చాందా (ఇప్పటి చంద్రపూర్) ప్రాంతంలో గోండు జమీందారు బాబూరావు సెడ్మాకే పోరాడి 1858 అక్టోబరు 21న ఉరికంబం ఎక్కాడు. నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వాన గోండులతో పాటు రొహిల్లాలు, మరాఠాలు, దక్కనీలు ఏకమై ఇటు నిజాం బలగాలనూ అటు ఆంగ్లేయ సేననూ ఎదుర్కొన్నారు. 1860లో పట్టుబడిన రాంజీనీ అతని అనుచరులనూ ఒక మర్రిచెట్టుకు ఉరితీశారు. ఉరితీసినవారి సంఖ్య వెయ్యి అని జనశ్రుతి. ఆ చెట్టుకు వెయ్యి ఉరుల మర్రి అన్న పేరు స్థిరపడింది. చెట్టు ఇప్పుడు లేదు. 1990లలో గాలివానకు కూలిపోయిందని స్థానికులు చెబుతారు. రాంజీ విగ్రహం పట్టణంలో నిలిచింది.

వెయ్యి అన్న సంఖ్యను లెక్కగా కాక కొలతగా, జనం తమ దుఃఖానికి ఇచ్చుకొన్న కొలతగా చదవడం మంచిది. ఆ వెయ్యిలో నేడు అందరికీ తెలిసిన పేరు ఒక్కటే. మిగిలినవారు ఏ గూడెం నుంచి వచ్చారో, వారి భార్యలు ఆ తరువాత ఎవరి చేలలో కూలికి వెళ్లారో, వారి పిల్లలు ఏ ఇంటిపేరు చెప్పుకోవడానికి జంకారో చెప్పగల పత్రం లేదు. ఢిల్లీలో 1931లో ఆవిష్కరించిన ఇండియా గేట్ మీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద, స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలిచ్చిన దాదాపు 26 వేల మంది సైనికుల పేర్లు ఒక్కొక్క రాతిపలక మీద ఒక్కొక్కటిగా చెక్కి ఉన్నాయి. సాధారణ సిపాయి పేరు కూడా సేనాని పేరుతో సమానమైన అక్షరాలలో ఉండాలన్న ఆలోచన యుద్ధ స్మృతి చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చింది. నిర్మల్ మృతులు ఆ ఆలోచనకు ముందరి కాలంవారు, పైగా ఓడినవారు.

రొహిల్లాల సంగతి మరికొంత చెప్పుకోవలసి ఉన్నది. ఉత్తరాది పఠాను మూలాలు గల ఈ సైనికులు దక్కన్‌లో జాగీర్దారుల దగ్గరా షావుకార్ల దగ్గరా జీతానికి ఆయుధం పట్టినవారు. కొలువు ఉన్నన్నాళ్లు వారు సైనికులు, కొలువు పోయిన మరునాడు వారే దారిదోపిడి దొంగలని పాలకుల కాగితాలలోకి ఎక్కేవారు. పింఛను లేని, భూమి లేని, ఆయుధం తప్ప మరొక విద్య లేని మాజీ సైనికుల సమూహం ఒక ప్రాంతంలో పోగుపడితే ఏమవుతుందో పందొమ్మిదవ శతాబ్ది దక్కన్ చరిత్ర పదేపదే చూపింది. రాంజీతో కలిసి ప్రాణమిచ్చిన రొహిల్లాలు గోండులకు చుట్టాలు కారు, ఒకే భాషవారు కారు. ఇద్దరినీ కలిపింది ఏమీ మిగలని స్థితి.

నిర్మల్ నుంచి ఖానాపూర్, కడెం, జన్నారం మీదుగా కవ్వాల్ అడవి అంచున సాగే తిరుగు ప్రయాణంలో ఊళ్లు వరుసగా వస్తాయి. ఇటువంటి ఊళ్లలో 'మిలట్రీల జేసినోళ్లు' అని గౌరవంగా చెప్పుకొనే ఇండ్లు ఉంటాయి. ప్రభుత్వ పరిభాషలో మాజీ సైనికుడంటే నిర్దేశించిన కాలం పనిచేసి పింఛనుతోనో, సేవలో కలిగిన వైకల్యం వంటి కారణాలతోనో విడుదలైనవాడు. సిపాయిగా చేరినవాడు 15 ఏళ్ల సేవ నిండితే పింఛనుకు అర్హుడవుతాడు, కనుక చాలామంది 40 ఏళ్లు నిండకముందే ఇంటికి వస్తారు. పిల్లల చదువులూ ఇంటి అప్పులూ ఎదుట ఉన్న ఆ వయసులో రెండవ ఉద్యోగం వెతుక్కొని, చాలామంది బ్యాంకుల ముందు, గిడ్డంగుల ముందు, కంపెనీల గేట్ల ముందు కాపలాకు నిలబడతారు. వారి వ్యవహారాలను చూడడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు, వైద్యం కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం, సరసమైన ధరలకు సైనిక క్యాంటీన్లు ఉన్నాయి. సైనికుల కుటుంబాల కోసం విరాళాలు సేకరించే సాయుధ దళాల పతాక దినం 1949 నుంచి ఏటా డిసెంబరు 7న జరుగుతున్నది. తొలి భారతీయ సర్వసేనాని కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన జనవరి 14ను ఇప్పుడు మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. సంక్రాంతి పండుగ వేళ వచ్చే ఆ రోజు పల్లెల్లో ఎవరి దృష్టికీ రాకుండా గడిచిపోవడం విచారకరం, ఎందుకంటే ఊరు ఊరంతా ఇంట ఉండే రోజు అంతకంటే మరొకటి దొరకదు.

యుద్ధం చాలా కాలం క్రిందటి మాట కాదని ఇటీవలి సంవత్సరాలు తెలంగాణకు గుర్తుచేశాయి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించిన 20 మంది సైనికులలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో ఆయన విగ్రహం నిలిచింది, కేంద్రం మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించింది. 2020 నవంబరు 8న కాశ్మీర్‌లోని మాచిల్ వద్ద నిజామాబాద్ జిల్లా యువ సైనికుడు ర్యాడ మహేశ్ ప్రాణం కోల్పోయాడు. భర్తను కోల్పోయిన సైనికుని భార్యను సైన్యం 'వీర నారి' అని పిలుస్తుంది. ఆ పిలుపులోని గౌరవం నిజమైనదే అయినా, అంత్యక్రియల నాటి జనం వెళ్లిపోయిన తరువాత ఆమె ఎదుర్కొనే ఏళ్లను ఆ పిలుపు ఒక్కటే మోయలేదు.

బొగ్గు నేలలో సైన్యం మీది ఆశ తగ్గలేదు. తండ్రుల తరానికి బాయి కొలువు ఎట్లాగో ఇప్పటి పిల్లలకు సైన్యం, పోలీసు కొలువులు అట్లాగు. సింగరేణి సేవా సమితి నిరుద్యోగ యువతకు సైనిక నియామకాల కోసం శిక్షణ శిబిరాలు నడుపుతూ వచ్చింది. 2022 జూన్‌లో కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ ఆశ రూపాన్ని మార్చింది. దాని ప్రకారం చేరినవారు అగ్నివీరులు. వారు నాలుగేళ్లు పనిచేస్తారు, అందులో నాలుగవ వంతు మందిని మించకుండా శాశ్వత సేవలోకి తీసుకుంటారు. మిగిలినవారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో వెనుదిరుగుతారు. వారికి పింఛను లేదు, మాజీ సైనికుని హోదా గాని ఆ హోదాతో వచ్చే వైద్యం గాని లేవు. ఆ జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు ఒక యువకుడు బలయ్యాడు. సైన్యంలో చేరాలని కలగన్నవాడు సైనికుడు కాకముందే పోయాడు.

తొలి అగ్నివీరులు 2022 చివర, 2023 ఆరంభంలో శిక్షణకు చేరారు కనుక, 2026 ముగిసే నాటికి ఇరవైల వయసులోనే ఆయుధం దించి ఊళ్లకు వచ్చే సైనికుల మొదటి వరుస మొదలవుతుంది. లక్సెట్టిపేట, దండేపల్లి, మందమర్రి మండలాల నుంచి వెళ్లిన పిల్లలు అందులో ఉంటే, ప్రభుత్వ ప్రస్తుత నిర్వచనం ప్రకారం వారు మాజీ సైనికులు కారు. వారికి కాపలా కొలువుకు మించిన పని చూపడం, సరిహద్దులో గాయపడివచ్చినవానికి వైద్యం అందేటట్లు చూడడం, వారి పేర్లనూ సేవాకాలాన్నీ గ్రామ పంచాయతీ స్థాయిలోనే నమోదు చేసి ఉంచడం జిల్లా యంత్రాంగమూ సింగరేణి సంస్థా వారు తిరిగిరాకముందే చేపట్టదగిన పనులు.